మొదటి వుడ్ లేత్, మొదటి టూల్స్: కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది చెక్క తిప్పే లేత్ కొనాలనుకునే కొత్తవాళ్ల కోసం. ఇనుము కోసే లేత్ సంగతి వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. ముఖ్యంగా మన ఊళ్లలో ఇంట్లోనో చిన్న షెడ్డులోనో లేత్ పెట్టుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిందే అయినా, అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగేవి కూడా కొన్ని కలిపాను.

లేత్ చూడ్డానికి వెళ్లేముందు ఏం తేల్చుకోవాలి?

ఏం తిప్పుతారో తేల్చుకోవాలి. చపాతీ కర్ర, కవ్వం, మంచం కోడు, మెట్ల రెయిలింగ్ కడ్డీ, బొంగరం లాంటివాటిలో చెక్క గ్రెయిన్ (నార సాగే దిశ) లేత్ బెడ్ (కింద పొడవుగా ఉండే దూలం) పొడవునా సాగుతుంది. చాలావరకు ముక్కని రెండు కొనల మధ్య బిగించి తిప్పుతారు. దీన్ని స్పిండిల్ పని అంటారు. గిన్నె, పళ్లెం లాంటివాటిలో గ్రెయిన్ బెడ్‌కి అడ్డంగా పడుతుంది. ముక్కని హెడ్‌స్టాక్ (ముక్కని తిప్పే భాగం) వైపు మాత్రమే పట్టి ఉంచి లోపల తొలవాలి. ఇది బౌల్ పని. మొదటిదానికి లేత్ పొడవు ముఖ్యం. రెండోదానికి బెడ్ మీద ఎత్తు, బాగా తక్కువ స్పీడులో తిరగగలగడం, మిషన్ బరువు ముఖ్యం.

చాలామంది "రెండూ చేస్తానండీ" అంటారు. మంచిదే. కానీ మొదటి ఆర్నెల్లు స్పిండిల్ పనే చేస్తానని అనుకుని కొనండి. చెయ్యి కుదిరేది అక్కడే. పైగా దానికి చక్ (ముక్కని దవడలతో పట్టే పరికరం) అక్కర్లేదు, బౌల్ గౌజ్ (గిన్నెలు తొలిచే గాడి ఉలి) అక్కర్లేదు, పొయ్యిలోకి పోయే కర్రముక్కతోనైనా సాధన చేసుకోవచ్చు.

10×18, 12×21 అని రాస్తారు. ఏంటవి?

మొదటి అంకె స్వింగ్. అంటే బెడ్‌కి తగలకుండా తిరిగే ముక్క వ్యాసం, అంగుళాల్లో. రెండోది హెడ్‌స్టాక్‌కీ టెయిల్‌స్టాక్‌కీ (ముక్క రెండో కొనని ఆనించే భాగం) మధ్య పట్టే పొడవు. 10×18 అంటే స్పిండిల్ (హెడ్‌స్టాక్‌లో తిరిగే ఇరుసు) మధ్య నుంచి బెడ్‌కి సుమారు 5 అంగుళాలు ఉన్నట్టు. కానీ టూల్ రెస్ట్‌ని (ఉలిని ఆనించే కడ్డీ) మోసే బాంజో బెడ్ మీదే కూర్చుంటుంది కదా, దాని మీదుగా ముక్క తిరగాలంటే 10 అంగుళాలూ దొరకవు. గిన్నె 8, 9 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. పొడవులో కూడా అంతే. చక్ బిగిస్తే అది రెండు మూడు అంగుళాలు తినేస్తుంది.

చపాతీ కర్రలకీ బొంగరాలకీ 18 అంగుళాలు ఎక్కువే. మంచం కోళ్లు, రెయిలింగ్ కడ్డీలు అంటే బెడ్ ఎక్స్‌టెన్షన్ తగిలించుకునే వీలున్న మోడల్ చూసుకోవాలి.

మినీ, మిడి, ఫుల్ సైజుల్లో మొదట ఏది?

డబ్బు, చోటు రెండూ ఉంటే 12 అంగుళాల స్వింగ్, 1 హెచ్‌పి మోటారు ఉన్న మిడి లేత్. ఉదాహరణకి జెట్ కంపెనీ 1221 వేరియబుల్ స్పీడ్ మోడల్: 12½ అంగుళాల స్వింగ్, 21 అంగుళాల పొడవు, 1 హెచ్‌పి, 60 నుంచి 3600 ఆర్‌పిఎం దాకా స్పీడు. అదే కొనమని కాదు. ఏ కంపెనీదైనా ఇంచుమించు ఆ కొలతల్లో ఉంటే ఏళ్ల తరబడి మార్చాల్సిన అవసరం రాదు.

చోటు లేదు, డబ్బు తక్కువ అంటే ½ హెచ్‌పి మినీ లేత్ చాలు. పెన్నులు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, 6 అంగుళాల గిన్నెలు దాని మీద హాయిగా అవుతాయి. ఫుల్ సైజు లేత్ మొదటిదిగా కొనడం నాకు ఎప్పుడూ నచ్చని సలహా. అంత పెట్టాక పదును పెట్టే సామాన్లకి డబ్బు మిగలదు. అక్కడే చాలామంది పని ఆగిపోతుంది.

స్పెసిఫికేషన్లలో కచ్చితంగా చూడాల్సినవి ఏవి?

నా లెక్కలో మూడు.

ఒకటి, స్పిండిల్ థ్రెడ్. చక్, ఫేస్‌ప్లేట్ (ముక్కని స్క్రూలతో బిగించే లోహపు పళ్లెం) బిగించేది దాని మీదే. అమెరికన్ సైజు మిడి లేత్‌ల మీద 1 అంగుళం, అంగుళానికి 8 మరల థ్రెడ్ మామూలు. యూరప్ సైజువాటి మీద ఎం33×3.5 కనిపిస్తుంది. చిన్నవాటిలో ¾ అంగుళం, 16 మరలది కూడా ఉంది. ఈ మూడిట్లో ఏది ఉన్నా చక్కులు దొరుకుతాయి. ఊరూ పేరూ లేని థ్రెడ్ అయితే ప్రతిసారీ అడాప్టర్ వెతుక్కోవాలి. అమ్మేవాడు "అన్నీ పడతాయి సార్" అంటే నమ్మకండి. థ్రెడ్ సైజు రాతపూర్వకంగా అడగండి.

రెండు, స్పిండిల్ లోపలి టేపర్, అంటే సెంటర్లు దూర్చే, లోపలికి సన్నబడే రంధ్రం. మోర్స్ టేపర్ 2 ఉండాలి, హెడ్‌స్టాక్‌కీ టెయిల్‌స్టాక్‌కీ కూడా. మోర్స్ టేపర్ 1 ఉన్న బుల్లి లేత్‌లు వస్తున్నాయి. వాటికి సామాన్లు దొరుకుతాయి గానీ పట్టు తక్కువ.

మూడు, అన్నిటికంటే తక్కువ స్పీడు ఎంత అన్నది. ప్రకటనల్లో ఎక్కువ స్పీడే గొప్పగా వేస్తారు. మనకి పనికొచ్చేది కింది అంకె. ఇంకా గుండ్రం కాని, ఒకవైపు బరువుగా ఉన్న ముక్క 500 దాటి తిరిగితే బల్లంతా ఊగుతుంది. బెల్టు మార్చే లేత్ అయినా పర్వాలేదు, కింది గేరు 500కి మించకూడదు. బౌల్ పని చేయాలంటే 250 లోపు ఉంటే ఇంకా మంచిది.

రంగు, డిజిటల్ డిస్‌ప్లే, కూడా ఇచ్చే టూల్స్ సెట్టు చూసి నిర్ణయించకండి. ఆ సెట్లలో ఉలులు చాలావరకు పెయింటు డబ్బా మూత తీయడానికే పనికొస్తాయి.

మన దగ్గర వెల్డింగ్ చేసి అమ్మే లోకల్ లేత్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. మన కార్పెంటర్లలో ఎంతోమంది వాటి మీదే మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు తిప్పుతున్నారు. ఐరన్ యాంగిల్ లేదా చానల్ బెడ్, పక్కన 1 హెచ్‌పి మోటారు, వి-బెల్టు, స్టెప్ పుల్లీ, అంతే. స్పిండిల్ పనికి ఏ లోటూ ఉండదు. ఏదైనా విరిగితే వీధి చివర బాగుచేస్తారు. అది చిన్న సుఖం కాదు.

ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. టూల్ రెస్ట్ బిగించడానికి ప్రతిసారీ స్పానర్ పట్టాలి. స్పిండిల్ థ్రెడ్ చేసినవాడి ఇష్టం. రెండోదానికి ముందే మందు ఉంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే స్పిండిల్‌కి ఎం33×3.5 థ్రెడ్, లోపల మోర్స్ టేపర్ 2 కావాలని చెప్పండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో లేత్ వర్క్స్ నడిపేవాళ్లకి ఇది కష్టమైన పని కాదు. వెళ్లేటప్పుడు చక్ చేతిలో ఉంటే ఇంకా మేలు. "మేస్త్రి గారూ, దీనికి సరిపోవాలి" అని ఇస్తే కొలిచి, కోసి, బిగించి చూపిస్తారు. కాగితం మీద రాసిన అంకె కన్నా చేతిలో పెట్టిన వస్తువు బాగా పనిచేస్తుంది.

స్పీడు పుల్లీతో తేలుతుంది. 1440 ఆర్‌పిఎం మోటారు మీద 2 అంగుళాల పుల్లీ, స్పిండిల్ మీద 4 అంగుళాల పుల్లీ పెడితే ముక్క 720లో తిరుగుతుంది. స్పీడు నాబ్‌తో మార్చుకోవాలంటే త్రీ ఫేజ్ మోటారు పెట్టి, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడిచే వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) తగిలించుకోవచ్చు. అప్పుడు మోటారు కనెక్షన్ సాధారణంగా స్టార్ నుంచి డెల్టాకి మార్చాలి. అన్ని మోటార్లకీ ఆ వీలుండదు కాబట్టి, మోటారు కొనకముందే తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి నేమ్‌ప్లేట్ చూపించండి. వీఎఫ్‌డీలోకి చెక్క దుమ్ము పోకుండా చూసుకోవడం మర్చిపోవద్దు.

డ్రిల్ మిషన్‌కి తగిలించే లేత్ అటాచ్‌మెంట్ సరిపోదా?

సరిపోదు. డ్రిల్ బేరింగులు పక్కనుంచి పడే ఒత్తిడికి చేసినవి కావు. బొంగరం వరకు ఏదోలా లాగించొచ్చు. అప్పటికి మీకు లేత్ పని మీదే విరక్తి వస్తుంది.

అమెరికా నుంచి తిరిగొచ్చేస్తున్నాం. అక్కడి లేత్ తెచ్చుకోవాలా?

మోటారు నేమ్‌ప్లేట్ చూడండి. 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉన్న మామూలు ఇండక్షన్ మోటారు అయితే ఇక్కడ 230 వోల్టులకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. మన 50 హెర్ట్జ్ మీద ఆ మోటారు ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడి కూడా ఎక్కువ అవుతుంది. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోల్ ఉన్నవాటిలో సంగతి మోడల్‌ని బట్టి మారుతుంది. కంట్రోలర్ మీద 220-240 అని రాసి ఉంటే నయం.

నన్నడిగితే లేత్ అక్కడే అమ్మేసి టూల్స్, చక్, షార్పెనింగ్ జిగ్ (పదును పెట్టేటప్పుడు ఉలిని ఒకే కోణంలో పట్టే సాధనం), సీబీఎన్ వీలు (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ పూత ఉన్న పదును చక్రం) తెచ్చుకోండి. ఇక్కడ తేలిగ్గా దొరకనివి అవే. వాటికి కరెంటుతో పనిలేదు, పెట్టెలో చోటూ తక్కువే పడుతుంది. కాకపోతే అక్కడి చక్ థ్రెడ్, ఇక్కడ కొనబోయే లేత్ థ్రెడ్ ఒకటే కావాలి, లేదా ఇన్‌సర్ట్ మార్చుకునే చక్ అయి ఉండాలి.

సెకండ్ హ్యాండ్ లేత్‌లో ఏం చూడాలి?

ముందు కరెంటు ఆపి చేత్తో పరీక్షించండి. స్పిండిల్ పట్టుకుని పైకి కిందికి, ముందుకు వెనక్కి ఊపండి. ఏమాత్రం టకటక అన్నా బేరింగులు పోయినట్టే. బేరింగులు మార్చుకోవచ్చు, కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి. తర్వాత రెండు వైపులా మొనదేలిన సెంటర్లు పెట్టి టెయిల్‌స్టాక్‌ని దగ్గరికి జరపండి. రెండు మొనలూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకోవాలి. తేడా వస్తే డ్రిల్లింగ్ పని ఎప్పుడూ కుదరదు. థ్రెడ్ మీద దెబ్బలు చూడండి. టూల్ రెస్ట్ పై అంచు గుంటలు పడి ఉంటే భయపడక్కర్లేదు, ఆకురాయితో సాపు చేసుకోవచ్చు. బెడ్ మీద తుప్పు కూడా అంతే, కిరసనాయిలూ ఎమెరీ పేపరూ ఉంటే పోతుంది. చివరగా మోటారు వేసి, ముక్కేమీ బిగించకుండా ఐదు నిమిషాలు తిరగనిచ్చి వినండి.

మొత్తం ఖర్చు ఎలా అంచనా వేసుకోవాలి?

లేత్‌కి ఎంత పెడుతున్నారో దాదాపు అంతే మిగతావాటికి అవుతుందని లెక్క వేసుకోండి: ఉలులు, గ్రైండరు, జిగ్, ఫేస్ షీల్డ్, తర్వాతెప్పుడో చక్. చేతిలో ఉన్న డబ్బంతా లేత్‌కే పోస్తే మొండి ఉలితో చెక్కని గీకుతూ కూర్చోవాలి.

మొదట ఏ ఉలులు కొనాలి? సెట్టా, విడివిడిగానా?

విడివిడిగా. స్పిండిల్ పనికి నాలుగు చాలు. చతురస్రపు కర్రని గుండ్రం చేయడానికి ¾ అంగుళం స్పిండిల్ రఫింగ్ గౌజ్. వంపులు, గాట్లు, పూసలు తీర్చడానికి 3/8 అంగుళం స్పిండిల్ గౌజ్. కొలత గుర్తుపెట్టడానికీ చివర్లో తెగ్గొట్టడానికీ 1/8 అంగుళం పార్టింగ్ టూల్. ¾ అంగుళం స్క్యూ, అంటే ఏటవాలు మొన ఉన్న ఉలి. స్క్యూ మొదట్లో అందర్నీ ఏడిపిస్తుంది. కాస్త ఏమరితే చెక్కలోకి దిగబడి చుట్టూ మరలాగా గాడి చీల్చుకుంటూ పోతుంది. అయినా కొనండి. అది చేతికి వచ్చాక స్పిండిల్ పనిలో సాండ్ పేపర్ అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

గిన్నెల్లోకి దిగాక ½ అంగుళం బౌల్ గౌజ్, 1 అంగుళం రౌండ్ నోస్ స్క్రేపర్. ఇక్కడో చిక్కు ఉంది. బౌల్ గౌజ్ సైజుని ఇంగ్లండ్ కంపెనీలు లోపలి గాడి వెడల్పుతో చెబుతాయి, అమెరికన్లు బయటి కడ్డీ వ్యాసంతో చెబుతారు. ఇంగ్లండ్‌వాళ్ల 3/8, అమెరికన్ల 1/2 దాదాపు ఒకటే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కడ్డీ వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చూసుకోండి.

అన్నీ హెచ్ఎస్ఎస్, అంటే హై స్పీడ్ స్టీలువే కావాలి. మామూలు కార్బన్ స్టీలు ఉలి గ్రైండర్ మీద నీలం రంగు తిరిగిందంటే ఆ మేరకు గట్టిదనం పోయినట్టే. హెచ్ఎస్ఎస్‌కి ఆ టెన్షన్ లేదు, పదును కూడా చాలాసేపు నిలుస్తుంది. కమ్మరి దగ్గర పాత ఆకురాయితో ఉలి చేయించుకోవడం మన పాత పద్ధతే. అయితే ఆకురాయి గట్టిది, పెళుసు. సరిగ్గా టెంపర్ చేయకపోతే తిరిగే చెక్క మీద పుటుక్కున విరుగుతుంది. అనుభవమున్న కమ్మరి అయితేనే ఆ పని పెట్టుకోండి.

రఫింగ్ గౌజ్‌తో గిన్నె తిప్పొచ్చా?

తిప్పకూడదు. ఆ గౌజ్ పిడిలోకి వెళ్లే తోక సన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. గిన్నెలో గ్రెయిన్ అడ్డంగా తగిలి దెబ్బ పడినప్పుడు అది అక్కడే విరిగి మొహం మీదికి వస్తుంది. ఈ ఒక్కదానిలో మినహాయింపు లేదు.

కార్బైడ్ టిప్ టూల్స్ కొంటే పదును గొడవే ఉండదటగా?

నిజమే, ఉండదు. చిన్న గుండ్రటి బిళ్ల ఒకటి స్క్రూతో బిగించి ఉంటుంది. మొండిబారితే కొంచెం తిప్పి మళ్లీ బిగించుకుంటారు. పెన్నులు చేసేవాళ్లకి, వారానికి ఒక్క గంట దొరికేవాళ్లకి అది సరైన దారే.

కానీ చాలా కార్బైడ్ టూల్స్ చెక్కని కోయవు, గీకుతాయి. గట్టి చెక్క మీద పర్వాలేదు. అంకుడు, మామిడి లాంటి మెత్తటి చెక్క మీద నార లేచిపోయి ఉపరితలం దూదిలా తయారవుతుంది. తర్వాత సాండ్ పేపర్‌తో కుస్తీ పట్టాలి, ఆ దుమ్మంతా పీల్చాలి. ఒక కార్బైడ్ టూల్ పక్కన ఉంచుకోండి, తప్పులేదు. గౌజ్ నేర్చుకోవడం మాత్రం వాయిదా వేయొద్దు.

పదును ఎలా పెట్టాలి? ఏ గ్రైండరు?

ఇది కొంచెం పెద్దగా రాస్తాను. మిగతావన్నీ దీని తర్వాతే.

మన బజార్లో దొరికే 6 లేదా 8 అంగుళాల బెంచ్ గ్రైండరు చాలు. ఇవి చాలావరకు సుమారు 2800 ఆర్‌పిఎంలో తిరుగుతాయి. 1440లో తిరిగే స్లో స్పీడుది దొరికితే కొత్త చేతికి ఇంకా మంచిది, తప్పు చేసినా తక్కువ స్టీలు పోతుంది. గ్రైండరుతో వచ్చే బూడిద రంగు రాళ్లు తీసేసి, తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 80 గ్రిట్‌ది, వేసుకోండి. కొత్త రాయి బిగించేముందు వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గంట మోగినట్టు ఖంగుమంటే బాగున్నట్టు. దబ్‌మంటే లోపల పగులు ఉంది, అది తిరిగేటప్పుడు పేలుతుంది, పక్కన పడేయండి. సీబీఎన్ వీల్ ఖరీదు ఎక్కువ, కానీ దాదాపు అరగదు, రూపం చెడదు, పగిలి ఎగిరే భయం లేదు. డబ్బు కుదిరినప్పుడు మొదట కొనాల్సింది అదే.

గౌజ్‌ని ఒట్టి చేత్తో గ్రైండ్ చేయడం వస్తే మంచిదే, కానీ నేర్చుకునే లోపు ఉలి సగం అరిగిపోతుంది. కొత్తలో జిగ్ వాడండి. వుల్వరిన్ లాంటి జిగ్‌లో గౌజ్‌ని ఒక చేతికి బిగించి, దాన్ని అటూ ఇటూ ఊపితే ప్రతిసారీ అదే కోణం వస్తుంది. అసలు విషయం కూడా అదే, ప్రతిసారీ అదే కోణం. రఫింగ్ గౌజ్‌కి 45 డిగ్రీలు, స్పిండిల్ గౌజ్‌కి 35 నుంచి 40, బౌల్ గౌజ్‌కి 50 నుంచి 60. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా కొంప మునగదు. మారుతూ ఉంటే మాత్రం చెయ్యి ఎప్పటికీ కుదరదు.

కోణం సరిగ్గా పడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక మార్కర్ పెన్ను చాలు. ఉలి వాలు (గ్రైండ్ చేసే ఏటవాలు ముఖం) మొత్తానికి మార్కర్ రంగు పూయండి. గ్రైండరు స్విచ్ వేయకుండా, రాయిని చేత్తో కొంచెం తిప్పుతూ ఉలిని ఆనించండి. మడమ (వాలు వెనక అంచు) దగ్గర మాత్రమే రంగు పోతే కోణం కిందికి ఉంది. మొన దగ్గర మాత్రమే పోతే ఎక్కువ నిటారుగా ఉంది. మడమ నుంచి మొన దాకా ఒకే చార పడితే కుదిరినట్టు. అప్పుడు స్విచ్ వేసి, బరువు వేయకుండా రెండు మూడుసార్లు ఊపితే చాలు. అంచు మీద చిన్న చిన్న నిప్పురవ్వలు పైకి దాటి వస్తున్నాయంటే అంచు దాకా తెగినట్టే, ఆపేయండి. దీపం కింద అంచుని చూడండి. ఎక్కడైనా సన్నటి తెల్లగీత మెరిస్తే అక్కడ మొండిగానే ఉంది. పదునైన అంచు వెలుతురుని వెనక్కి పంపదు, కనిపించదు. వేడెక్కిన హెచ్ఎస్ఎస్ ఉలిని నీళ్లలో ముంచకండి, సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. కార్బన్ స్టీలుకి దానికి ఉల్టా, రంగు మారకముందే ముంచుతూ ఉండాలి.

ఎంతసేపటికోసారి పదును పెట్టాలని అడుగుతారు. చెక్కల పొట్టు ముక్కలుగా, దుమ్ముగా రావడం మొదలైనప్పుడు. గిన్నె పని అయితే ఒక్కో గిన్నెకి చాలాసార్లు. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అది ఉలిని ఇంకా త్వరగా మొండిబారుస్తుంది.

చక్ మొదట్లోనే కొనాలా?

అక్కర్లేదు. లేత్‌తో వచ్చే స్పర్ సెంటర్ (చెక్కలోకి గుచ్చుకుని తిప్పే పళ్ల మొన), రివాల్వింగ్ సెంటర్ (అవతలి కొనని ఆనించే, తిరిగే మొన), ఒక ఫేస్‌ప్లేట్ ఉంటే చాలా పని అవుతుంది. ఫేస్‌ప్లేట్‌కి ఒక పనికిరాని చెక్క బిళ్ల బిగించి, దానికి గిన్నె ముక్కని అతికించి తిప్పుకోవచ్చు. కుంకుమ భరిణె మూత లాంటిదైతే అదే బిళ్లలో సరిపోయే గుంట తొలిచి బిగుతుగా దూర్చి తిప్పొచ్చు. నాలుగు దవడల స్క్రోల్ చక్ సుఖమే, కాదనను. అది రెండో విడత కొనుగోలు.

స్పీడు ఎంత పెట్టాలి?

ముక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని ఆర్‌పిఎంతో హెచ్చిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలన్నది టర్నర్లలో వాడుకలో ఉన్న లెక్క. 2 అంగుళాల చపాతీ కర్రకి 3000 నుంచి 4500 వస్తుంది, కొత్తవాళ్లు 2000 దగ్గర ఆగండి. 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1125. ఇది గుండ్రం అయ్యాక లెక్క. వంకరటింకర ముక్కని లేత్‌కి ఉన్న అతి తక్కువ స్పీడులో మొదలుపెట్టి, ఊగుడు మొదలయ్యే ముందు ఆగాలి. స్విచ్ వేసేముందు ముక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకుని, ముక్క ఎగిరే దారిలోంచి పక్కకి జరిగి నిలబడండి.

ఏ చెక్కతో మొదలుపెట్టాలి?

ఊరికే దొరికే చెక్కతో. సా మిల్లు దగ్గర, టింబర్ డిపో వెనకాల చిన్న ముక్కలు కిలోల లెక్కన ఇస్తారు. వేప బాగా తెగుతుంది, వాసన కొంతమందికి పడదు. మామిడి మెత్తన, నార లేస్తుంది. జామ కొమ్మలు చిన్న పనికి చక్కగా ఉంటాయి, కానీ ఎండేటప్పుడు పగుళ్లు ఎక్కువ. తుమ్మ, చింత గట్టివి, పదును సరిగ్గా లేకపోతే ఉలి ఎగిరిపడుతుంది. జిట్రేగి అందంగా ఉంటుంది, ఆ దుమ్ము కొందరికి దద్దుర్లు తెస్తుంది. ఎర్రచందనం జోలికి పోవద్దు, ముక్క ఎంత చిన్నదైనా, ఇచ్చేవాడు ఎంత దగ్గరివాడైనా. చెట్టు కొట్టించాలనుకుంటే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది.

పచ్చి చెక్క తిప్పడం తేలిక, సరదా కూడా, పొట్టు రిబ్బన్లలా వస్తుంది. కానీ ఆరాక వంకరపోతుంది. అందుకే పచ్చి గిన్నెని వ్యాసంలో పదోవంతు మందం ఉంచి, అంటే 8 అంగుళాల గిన్నెకి ముప్పావు అంగుళం పైన ఉంచి, కొన్ని నెలలు నీడలో ఆరనిచ్చి మళ్లీ తిప్పుతారు. దుంగ కోసిన వెంటనే రెండు కొనలకీ ఫెవికాల్ దట్టంగా పూయండి. మధ్యలో ఉన్న బొడ్డు భాగాన్ని చీల్చి తీసేయండి. పగులు మొదలయ్యేది అక్కడినుంచే.

ఏటికొప్పాక బొమ్మల్లాంటివి చేయాలని ఉంది. దానికి వేరే లేత్ కావాలా?

అక్కర్లేదు. చిన్న మినీ లేత్ చాలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో వాడేది అంకుడు చెక్క. తెల్లగా, మెత్తగా, సన్నటి గ్రెయిన్‌తో ఉంటుంది. ఈ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

కష్టం లేత్‌లో లేదు, లక్కలో ఉంది. లక్కని వేడిచేసి రంగు కలిపి, సాగదీసి కడ్డీలుగా చేసుకుంటారు. బొమ్మ నున్నగా తిప్పడం పూర్తయ్యాక, అది తిరుగుతుండగానే లక్క కడ్డీని దాని మీద ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పట్టుకుంటుంది. మొదట చారలు చారలుగా, అక్కడక్కడ గడ్డలుగా ఉంటుంది. అప్పుడు మొగలి ఆకు ముక్క తీసుకుని అదే ఒత్తిడితో ఆ చివర నుంచి ఈ చివరకి నడిపిస్తారు. గడ్డలు కరిగి సమంగా పరుచుకుని, చూస్తుండగానే మెరుపు వచ్చేస్తుంది. కొత్తవాళ్లకి సాధారణంగా తప్పేది రెండే. చెక్కలో తడి ఉండటం, స్పీడు చాలకపోవడం. తడి ఉంటే లక్క తర్వాత పొలుసులుగా ఊడుతుంది. స్పీడు చాలకపోతే అసలు కరగదు.

కొండపల్లి బొమ్మలు కూడా ఇలాగే చేస్తారా అని అడుగుతుంటారు. అవి తెల్ల పొణికి చెక్కతో చెక్కినవి, లేత్ పని కాదు.

ప్రమాదాలు జరక్కుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కళ్లద్దాలు చాలవు, మొహం మొత్తం కప్పే ఫేస్ షీల్డ్ కావాలి. చేతి గ్లౌజులు వేసుకోకూడదు, ఇది చాలామందికి వింతగా ఉంటుంది. గ్లౌజు చుట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. చున్నీ, వేలాడే పొడుగు చేతులు, గాజులు, ఉంగరం, మెడలో గొలుసు, చేతికి కట్టిన దారాలు, విరబోసిన జుట్టు, ఏవీ ఉండకూడదు. లుంగీతో లేత్ దగ్గర నిలబడేవాళ్లని చూస్తే నాకు గుండె దడ. సాండ్ పేపర్‌ని వేళ్లకి చుట్టుకోకుండా చిన్న ముక్కగా పట్టుకోండి, ఆ ముందు టూల్ రెస్ట్ తీసేయండి.

దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చెక్క దుమ్ముని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. సాండింగ్ చేసేటప్పుడు ఎన్95 మాస్క్ తప్పనిసరి. కరోనా టైమ్‌లో కొన్నవి ఇంట్లో ఇంకా మిగిలి ఉంటే తీయండి.

అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోవచ్చా?

మినీ లేత్ అయితే పెట్టుకోవచ్చు. లేత్ చప్పుడు మిక్సీ కన్నా తక్కువే. కింది ఫ్లాట్‌వాళ్లకి ఇబ్బంది చప్పుడుతో కాదు, అదురుతో. బల్ల కాళ్ల కింద మందపాటి రబ్బరు షీట్ వేసి, బల్ల కింది అరలో రెండు ఇసుక బస్తాలు పెట్టండి. స్పిండిల్ మీ మోచేతి ఎత్తులో ఉండాలి, తక్కువైతే నడుం పడుతుంది. 16 ఆంప్స్ సాకెట్, మంచి ఎర్తింగ్ చూసుకోండి. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా మాత్రం ఆపండి, పెద్దవాళ్లు పడుకునే టైమ్ అది.

వంటింట్లో వాడే వస్తువులకి ఏ పాలిష్?

చపాతీ కర్ర, కవ్వం, పప్పు గుత్తి అయితే ఏమీ పూయకపోయినా పర్వాలేదు, ఉలి పనే నున్నగా ఉండాలి. మెరుపు కావాలంటే తేనె మైనం రుద్దండి. వేరుశెనగ నూనె ఆరదు, కొన్నాళ్లకి జిగురుపట్టి వాసన వస్తుంది. అవిసె నూనె ఆరుతుంది, కానీ నెమ్మదిగా. దాన్ని తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే మండిపోతాయి. విప్పి ఆరుబయట ఆరేయండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

అమెరికాలో ఉంటే సులువు. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ కేంద్రంగా, 1986లో మొదలైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్‌కి చాలా ఊళ్లలో లోకల్ క్లబ్బులున్నాయి. అక్కడ రిటైరైన పెద్దవాళ్లు పక్కన నిలబడి నేర్పిస్తారు, పాత టూల్స్ చవగ్గా అమ్ముతారు.

ఇక్కడైతే మీ ఊళ్లో మంచం కోళ్లు తిప్పే మేస్త్రి దగ్గరికి వెళ్లండి. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టకుండా, ముందు ఒక పూట ఊరికే కూర్చుని ఆయన నిలబడే తీరు, ఉలి పిడిని నడుముకి ఆనించే తీరు చూడండి. ఉలి వాలుని ముందు చెక్కకి ఆనిస్తారు, అప్పటికి ఏమీ తెగదు. తర్వాత పిడిని నెమ్మదిగా పైకి ఎత్తుతారు, పొట్టు అప్పుడు మొదలవుతుంది. అది కళ్లారా చూశాక ఇంటికొచ్చి, ఒకటిన్నర అంగుళం మందం, అడుగు పొడవు ఉన్న వేప కర్ర బిగించి అదొక్కటే సాధన చేయండి. గుండ్రం చేయడం, గాట్లు పెట్టడం, పూసలు తీర్చడం, మళ్లీ చదును చేయడం. కర్ర పెన్సిలంత అయ్యేదాకా అదే ముక్క వాడుకోవచ్చు. మొదటి చపాతీ కర్ర ఆ తర్వాత మొదలుపెట్టండి.